లండన్ క్రాఫ్ట్ బ్రూవరీలు, ట్యాప్‌రూములు

లండన్ నగరంలో చిన్న ఎత్తున బీరు కాచే కర్మాగారాలను క్రాఫ్ట్ బ్రూవరీలంటారు. ఆ కర్మాగారంలోనే ఒక పక్క బల్లలు వేసి, అక్కడ కాచిన బీరును అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మే చోటు ట్యాప్‌రూము. క్రాఫ్ట్ బీరు అంటే ఇదీ అని బ్రిటన్ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఉత్పత్తి తక్కువగా ఉండి, యాజమాన్యం సొంతదై, రకాలు తరచూ మారుతూ ఉంటే జనం ఆ పేరుతో పిలుస్తారు, అంతే. 2006లో ఇంత పెద్ద నగరంలోనూ బ్రూవరీలు పదికి లోపే మిగిలాయి. ఆ తర్వాత పన్నెండేళ్ళలో వంద దాటాయి. జనం నాలుక మారిందనీ, అమెరికా గాలి వీచిందనీ దీనికి కారణం చెబుతుంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఏ వీధిలో ట్యాప్‌రూములు పుట్టాయో, ఏ వీధిలో మూతపడ్డాయో వరసగా చూసుకుంటూ వెళ్తే, రుచి కంటే అద్దె, ఎక్సైజ్ సుంకం, పబ్బుల యాజమాన్యం ఈ మూడే ఈ పటాన్ని ఎక్కువగా గీశాయని తేలుతుంది.

పోర్టరు కాలం

బీరు లండన్‌కు నిన్నమొన్నటి సరదా కాదు. 18వ శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద బ్రూవరీలు ఇక్కడే ఉండేవి. వాటిని అంతటి స్థాయికి తెచ్చింది పోర్టరు అనే ముదురు గోధుమరంగు బీరు. థేమ్స్ రేవుల్లో, వీధుల్లో మూటలు మోసే పోర్టర్లు ఇష్టంగా తాగేవారు కనుక ఆ పేరు స్థిరపడింది. దీన్ని నెలల తరబడి పెద్ద చెక్క తొట్లలో నిలవ ఉంచాలి. అంతకాలం డబ్బు ఇరుక్కుపోయినా తట్టుకోగలవాడే ఈ వ్యాపారంలో నిలిచాడు. అలా చిన్న బ్రూవరులు వెనకబడి పెద్ద కంపెనీలు లేచాయి. 1742లో మొదలైన విట్‌బ్రెడ్ 1750లో చిజ్వెల్ వీధికి మారింది. 1785లో బోల్టన్, వాట్‌ల ఆవిరియంత్రాన్ని బిగించుకుంది. దాన్ని చూడడానికి 1787లో మూడో జార్జి రాజు స్వయంగా వచ్చాడు. సదర్క్‌లోని యాంకర్ బ్రూవరీ యజమాని హెన్రీ థ్రేల్ చనిపోయాక, 1781లో దాన్ని 1,35,000 పౌన్లకు అమ్మారు. ఆ అమ్మకం జరిపించిన వీలునామా నిర్వాహకుల్లో నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఒకడు.

ఆ తొట్లు ఎంత పెద్దవో 1814 అక్టోబరు 17న ఊరందరికీ తెలిసొచ్చింది. టోటెన్‌హామ్ కోర్టు రోడ్డు చివర మ్యూక్స్ కంపెనీవారి హార్స్ షూ బ్రూవరీలో ఇరవై అడుగులకు పైబడిన ఎత్తున్న తొట్టికి కట్టిన ఇనుప పట్టీ జారింది, తొట్టి పగిలింది. ఆ దెబ్బకు పక్క తొట్లూ దెబ్బతిని, పోర్టరు వరదలా వెనక గోడను కూల్చుకుంటూ సెయింట్ గైల్స్ పేటలోని పేదల ఇళ్ళ మీద పడింది. ఎనిమిది మంది చనిపోయారు. అందరూ స్త్రీలూ పిల్లలే. విచారణ జరిపిన జ్యూరీ దీన్ని అనుకోని ప్రమాదంగా తేల్చింది, కంపెనీ మీద ఈగ వాలలేదు. ఆ స్థలంలో ఇప్పుడు డొమినియన్ థియేటరు ఉంది.

పోర్టరు లండన్‌లోనే ఎందుకు పుట్టిందన్నదానికి నీరు కొంత జవాబు చెబుతుంది. సుద్దరాతి పొరల గుండా వచ్చే ఇక్కడి నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ. బాగా మాడ్చిన బార్లీలోని పులుపు ఆ క్షారగుణాన్ని సరిచేస్తుంది. అందుకే నల్లని బీరు ఇక్కడ చక్కగా కుదిరేది, లేతరంగు బీరు గరుకుగా వచ్చేది. ఈనాటి బ్రూవరీలు నీటిని శుద్ధిచేసి, కావలసిన లవణాలు కలుపుకుని ఈ ఇబ్బంది దాటుతున్నాయి.

ఇండియాకు వెళ్ళిన బీరు

ఇప్పుడు ప్రపంచమంతటా ట్యాప్‌రూము బోర్డుల మీద కనిపించే ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్, చరిత్రలో తూర్పు లండన్‌కు పెద్ద పాత్ర ఉంది. బో అనే పేటలో 1752 ప్రాంతంలో మొదలైన హాడ్జ్‌సన్ కుటుంబపు బ్రూవరీ, ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరు వేసే బ్లాక్‌వాల్ రేవుకు దగ్గర. ఆ ఓడల కెప్టెన్లు సొంత ఖాతాలో సరుకు తీసుకెళ్ళి కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లోని ఇంగ్లీషువాళ్ళకు అమ్ముకునేవారు. హాడ్జ్‌సన్ వాళ్ళకు ఏడాదికి పైగా అరువిచ్చేవాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా పీపాలెత్తుకుని, ఇండియాలో అమ్మి, తిరిగొచ్చి బాకీ తీర్చవచ్చు. అతని వ్యాపారం పెరగడానికి బీరు గొప్పతనం కంటే ఈ అరువే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది.

సముద్రప్రయాణానికి తట్టుకోవాలని హాడ్జ్‌సన్ ప్రత్యేకంగా ఈ బీరు కనిపెట్టాడన్న కథ చాలామంది నమ్మేదే. బీరు చరిత్రకారుడు మార్టిన్ కార్నెల్ పాత పత్రికల ప్రకటనలు వెతికి, దానికి ఆధారం లేదని చూపాడు. ఇంగ్లండులో అప్పటికే ఉన్న, చేదునిచ్చే హాప్స్ దండిగా వేసి నిలవ ఉంచే లేతరంగు బీరే ఓడెక్కింది. నాలుగు నుంచి ఆరు నెలలు అలల మీద ఊగుతూ, ఉష్ణమండలం దాటుతూ వెళ్ళడం వల్ల అది త్వరగా పక్వానికి వచ్చేది. పోర్టరు కూడా ఇండియాకు వెళ్ళింది, ఈస్టిండియా కంపెనీ దండులోని తెల్ల సైనికులు తాగింది ఎక్కువగా అదే. 1820లలో హాడ్జ్‌సన్ వారసులు కెప్టెన్లను పక్కకు నెట్టి తామే ఎగుమతి చేయబోయి కంపెనీతో కయ్యం తెచ్చుకున్నారు. దాంతో వ్యాపారం బర్టన్ పట్టణపు ఆల్‌సాప్, బాస్ అనే బ్రూవరీల చేతికి పోయింది. జిప్సం నిండిన బర్టన్ నీళ్ళలో లేతరంగు బీరు ఇంకా బాగా వచ్చేది.

మూతపడ్డ పొగగొట్టాలు

20వ శతాబ్దంలో కంపెనీలు ఒకదాన్నొకటి మింగుతూ పోయాయి. ఊరి నడిమధ్య స్థలం విలువ బీరు కంటే పెరిగింది. విట్‌బ్రెడ్ చిజ్వెల్ వీధిలో 1976లో కాచడం ఆపింది. టవర్ బ్రిడ్జి పక్కనున్న కరేజ్ 1981లో, బ్రిక్ లేన్‌లోని ట్రూమన్ 1989లో, పార్క్ రాయల్‌లోని గిన్నిస్ 2005లో మూతపడ్డాయి. అన్నిటికంటే ఎక్కువమందిని బాధపెట్టింది మాత్రం వాండ్స్‌వర్త్‌లోని యంగ్స్ మూత. గుర్రపు బళ్ళ మీద చుట్టుపక్కల పబ్బులకు పీపాలు పంపిన కంపెనీ అది. 2006 సెప్టెంబరులో చివరి బీరు కాచిన వారంలోనే ఛైర్మన్ జాన్ యంగ్ కన్నుమూశాడు. అంత్యక్రియలకు వచ్చినవారికి ఆ చివరి కాపులోని బీరే పోశారు.

వాండ్స్‌వర్త్‌లోని ఆ స్థలంలో 16వ శతాబ్దం నుంచి బీరు కాస్తున్నట్టు దాఖలాలున్నాయి. ఆ వరస తెగిపోకూడదని అక్కడి బ్రూవరుల్లో ఒకడైన జాన్ హాచ్, కంపెనీ వెళ్ళిపోయాక కూడా ఆ ఆవరణలోనే ఉండిపోయాడు. మిగిలిన పాత సామాను పోగుచేసి చిన్న పొయ్యి అమర్చుకుని, చుట్టూ అపార్టుమెంట్లు లేస్తుండగా, అమ్మడానికి లైసెన్సు లేకపోయినా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కాస్తూనే వచ్చాడు. 2008లో బాటర్సీలో మొదలైన సాంబ్రూక్స్ అనే చిన్న బ్రూవరీ 2021లో ఆ ఆవరణకే మారింది. ఇప్పుడక్కడ ట్యాప్‌రూము ఉంది, యంగ్స్ కాలపు రాగి కాగులున్నాయి, వాటిని చూపించే మ్యూజియం ఉంది. లండన్ బీరు చరిత్ర ఒక్కచోట చూడాలంటే ఈ ఆవరణకు మించింది లేదు.

పాతకాలపు పెద్ద బ్రూవరీల్లో ఇంకా కాస్తున్నది చిజిక్‌లోని ఫులర్స్ ఒక్కటే. 1845లో ఆ పేరుతో ఏర్పడిన కంపెనీ 2019లో బీరు విభాగాన్ని జపాన్‌కు చెందిన అసాహీకి 25 కోట్ల పౌన్లకు అమ్మి, పబ్బులు, హోటళ్ళు మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

సుంకం, కట్టుబడి పబ్బులు

చిన్న బ్రూవరీ ఆలోచన కొత్తది కాదు. 1979లో డేవిడ్ బ్రూస్ అనే వ్యక్తి సదర్క్‌లో గూస్ అండ్ ఫిర్కిన్ అనే పబ్బు తెరిచి, దాని నేలమాళిగలోనే బీరు కాచాడు. ఆ గొలుసు బాగా పెరిగింది. 1988లో అతను అమ్మేశాక చేతులు మారి, చివరికి కాచడం ఆగిపోయింది. 1971లో పుట్టిన క్యామ్రా అనే వినియోగదారుల ఉద్యమం పీపాలోనే పులిసే సంప్రదాయ బీరును కాపాడింది గాని, కొత్త బ్రూవరీలకు తలుపు తెరిచింది ప్రభుత్వపు ఒక లెక్క. 2002లో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్, ఏడాదికి 5,000 హెక్టోలీటర్లు, అంటే 5 లక్షల లీటర్ల లోపు కాచేవారికి బీరు సుంకాన్ని సగానికి తగ్గించాడు. అంతవరకు పెద్ద ఫ్యాక్టరీకీ, గ్యారేజీలో కాచేవాడికీ లీటరుకు ఒకే రేటు. ఆ సగం మిగులుతోనే చిన్నవాడు కాగు కొన్నాడు, జీతమిచ్చాడు.

మరి బీరు కాచాక అమ్మేదెక్కడ? ఇక్కడే ట్యాప్‌రూము పుట్టుక ఉంది. బ్రిటన్‌లో చాలా పబ్బులు కట్టుబడి పబ్బులు. భవనం ఎవరిదో సరుకు వాళ్ళ దగ్గరే కొనాలి. 1989 నాటి ప్రభుత్వ ఉత్తర్వు బ్రూవరీల చేతిలో అన్నన్ని పబ్బులు ఉండకూడదంటే, అవి బ్రూవరీలు కాని పబ్బు కంపెనీల చేతికి పోయాయి. కట్టుబాటు మాత్రం పోలేదు. వీధి చివర పబ్బు ఉన్నా, పక్క సందులో కాచే బీరును దానికి అమ్మలేని పరిస్థితి. అమ్మినా పీపాకు గిట్టుబాటు ధర రాదు. అదే బీరును సొంత గదిలో గ్లాసు లెక్కన అమ్మితే పబ్బువాడి లాభం కూడా తనకే మిగులుతుంది. నలుగురు కూర్చోవడానికి బల్లలు వేయడం వ్యాపార అవసరమైంది, తర్వాతే అది అందమైన సంస్కృతిగా పేరు తెచ్చుకుంది.

రైలు కమానుల కింద

లండన్ ట్యాప్‌రూముల గురించి వినేవారు మొదట వినేది బెర్మండ్సీ బీర్ మైల్ గురించే. టవర్ బ్రిడ్జికి దక్షిణంగా డ్రూయిడ్ వీధి దగ్గర మొదలై, రైలు వంతెన వెంట ఆగ్నేయంగా సౌత్ బెర్మండ్సీ దాకా సాగే ఈ వరస మైలు పైనే ఉంటుంది. వంతెన సంగతి ముందు చెప్పుకోవాలి. 1836లో తెరిచిన లండన్ అండ్ గ్రీనిచ్ రైల్వే నగరంలో మొదటి ప్రయాణికుల రైలుమార్గం. మొత్తం దారి 878 ఇటుక కమానుల మీద నడుస్తుంది. కింద ఖాళీలను ఇళ్ళుగా అద్దెకివ్వాలని కంపెనీ ఆశపడింది. పైన రైళ్ళ రొద, పైకప్పులోంచి నీటి చెమ్మ, ఎవరు కాపురముంటారు? చివరికి అవి గుర్రపుసాలలు, గిడ్డంగులు, కారు మెకానిక్ షెడ్లు అయ్యాయి. ఊరి నడిబొడ్డుకు నడిచివెళ్ళే దూరంలో ఉండి కూడా చవకగా దొరికిన చోటు ఇదొక్కటే. ఎత్తయిన వంపు కప్పు కింద ఉక్కు ట్యాంకులు నిలువుగా పడతాయి, నేల కడిగితే పాడవదు, శబ్దమైతే పైనున్న రైలుదే ఎక్కువ.

2009లో ఎవిన్ ఓ'రియోర్డన్ అనే ఐర్లండు మనిషి ఇక్కడ ఒక కమానులో ద కెర్నల్ బ్రూవరీ మొదలుపెట్టాడు. అంతకుముందు అతను జున్ను వ్యాపారి. జున్ను పని మీద న్యూయార్క్ వెళ్ళినప్పుడు అక్కడి బీరు, దాని మీద అక్కడివాళ్ళు చూపే శ్రద్ధ అతన్ని ఇటు తిప్పాయి. కమానులో తోడు అద్దెదారులు జున్ను, మాంసం అమ్మేవాళ్ళే. శనివారం సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు బీరు కూడా రుచి చూసేవారు. బీర్ మైలుకు శనివారపు అలవాటు అలా అంటుకుంది. కెర్నల్ సీసా చూస్తే బొమ్మల్లేవు, నినాదాల్లేవు. గోధుమరంగు కాగితం మీద బీరు రకం, వాడిన హాప్స్ పేరు, ఆల్కహాలు శాతం. అంతే. మూడు శాతం దరిదాపుల్లో ఉండే టేబుల్ బీరు, 1890 నాటి లండన్ ఎక్స్‌పోర్ట్ స్టౌట్, 1856 నాటి ఇంపీరియల్ బ్రౌన్ స్టౌట్ ఈ బ్రూవరీకి పేరు తెచ్చాయి. స్టౌట్ అనే నల్లని బీర్లైన చివరి రెండూ విక్టోరియా కాలపు లండన్ బ్రూవరీల పద్ధతులను చూసి తిరిగి కట్టినవి.

ఆ వెనకే మిగతావారు వచ్చారు. 2012లో పార్టిజాన్ మొదలైంది, వాళ్ళు వాడింది కెర్నల్ వదిలేసిన పాత కాగులే. అదే ఏడాది చివర్లో వచ్చిన బ్రూ బై నంబర్స్ బీర్లకు పేర్లు పెట్టకుండా అంకెలిచ్చింది. మొదటి అంకె రకానిది, రెండోది వంటకానిది. సేజాన్ అనే రకానికి 01. 2013లో మొదలైన ఫోర్‌ప్యూర్ సీసాలు కాదని క్యాన్లను నమ్ముకుంది. ఆన్‌స్పాక్ అండ్ హాబ్డే, సదర్క్ బ్రూయింగ్ తర్వాత చేరాయి. పేరు మోగేసరికి బయటి ఊళ్ళవాళ్ళు కూడా దిగారు. బ్రిస్టల్‌కు చెందిన మూర్, మాంచెస్టర్‌కు చెందిన క్లౌడ్‌వాటర్ ఇక్కడ ట్యాప్‌రూములు తెరిచాయి. వాళ్ళు ఇక్కడ కాచిందేమీ లేదు, పోసి అమ్మడమే. ఈ వీధి కర్మాగారాల వరస నుంచి బార్ల వరసగా మారిన మలుపు అదే.

శనివారం మధ్యాహ్నం ఒక కమానులోకి తొంగిచూస్తే ఇలా ఉంటుంది. ముందు సగం బల్లలు, వెనక సగం ట్యాంకులు. మధ్య ఒక తాడో గొలుసో. ఎదురు గోడ మీద పది పన్నెండు కుళాయిలు, పైన నల్లబోర్డు: పేరు, రకం, శాతం, కొలత, ధర. ఒక మూల మాల్టు బస్తాలు పేర్చి ఉంటాయి, వాటిమీద ఎవరో కోటు ఆరేసి ఉంటారు. పైన రైలు వెళ్ళినప్పుడల్లా మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగుతాయి. వాకిట్లో తిండి బండి. సాయంత్రం నాలుగు దాటాక పెళ్ళికి ముందు మిత్రులు చేసుకునే విందుల గుంపులు దిగుతాయి, పొద్దుటి ప్రశాంతత పోతుంది. ఆ గోల భరించలేక కెర్నల్ కొన్నేళ్ళు అక్కడే కూర్చుని తాగే ఏర్పాటు ఆపేసి, పట్టుకెళ్ళే సీసాలే అమ్మింది. తర్వాత విడిగా ట్యాప్‌రూము పెట్టుకుంది. మైలు అంతా ఒక్క రోజులో తాగుతూ నడవడం ఒక పందెంలా మారింది గాని, బీరు రుచి తెలుసుకోవాలనుకునేవారికి అదంత తెలివైన పని కాదు.

ఉత్తర, తూర్పు లండన్

నదికి ఉత్తరాన వ్యవహారం కాస్త వేరు. అక్కడ కమానుల కంటే పాత ఫ్యాక్టరీ షెడ్లు ఎక్కువ. 2010లో జాస్పర్ కప్పేజ్ మొదలుపెట్టిన కామ్డెన్ టౌన్ రైలు కమానుల్లోనే పుట్టినా, త్వరగా పులిసే ఏల్ బదులు నెమ్మదిగా పులిసే లాగర్‌ను నమ్ముకుంది. బీవర్‌టౌన్‌ను 2011 చివర్లో ఒక బార్బెక్యూ హోటలు వంటగదిలో లోగన్ ప్లాంట్ మొదలుపెట్టాడు. లెడ్ జెప్లిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కొడుకతను. పుర్రెల బొమ్మల క్యాన్లతో, 2014లో టోటెన్‌హామ్‌కు మారాక అది ఊరంతా పాకింది. కాలువ ఒడ్డునున్న హ్యాక్నీ విక్‌లో హౌలింగ్ హాప్స్ 2015లో ట్యాంక్ బార్ తెరిచింది. బీరు పీపాలోకి దిగకుండా ట్యాంకు నుంచే కుళాయికి వచ్చే ఏర్పాటు అది.

వాల్తమ్‌స్టోలో బ్లాక్‌హార్స్ సందు వెంట ఉన్న పారిశ్రామికవాడ ఇప్పుడు రెండో బీర్ మైలు. సిగ్నేచర్ బ్రూ, ఎక్సేల్, హ్యాక్నీ బ్రూవరీ పక్కపక్కనే ఉన్నాయి. సిగ్నేచర్ వాళ్ళు సంగీత బృందాలతో కలిసి బీరు కాస్తారు. చోటు విశాలం కావడంతో పిల్లలూ కుక్కలూ ఉన్న కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. బెర్మండ్సీ కంటే ఇక్కడే నిదానంగా రుచి చూసే వీలుందని చెప్పాలి.

బ్రిక్ లేన్‌లో మూతపడ్డ ట్రూమన్ పేరును 2010లో ఇద్దరు కుర్రాళ్ళు కొని తిరిగి నిలబెట్టారు. నార్విచ్‌లోని జాతీయ ఈస్ట్ సేకరణలో 1958లో ఎవరో దాచిపెట్టిన పాత ట్రూమన్ బీరును పులియబెట్టిన ఈస్ట్ వాళ్ళకు దొరికింది. పేరు కొనడం డబ్బున్నవారెవరైనా చేస్తారు, ఆ ఈస్ట్ దొరకడం మాత్రం అదృష్టమే.

కాగు నుంచి గ్లాసు దాకా

బీరుకు ముడిసరుకు నాలుగే: నీరు, మాల్టు, హాప్స్, ఈస్ట్. మాల్టు అంటే బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టినది. మన ఇళ్ళలో రాగిమాల్టుకు చేసే పనే. దాన్ని మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్స్ వేసి గంటపాటు మరగబెడతారు. చేదు అప్పుడు దిగుతుంది. చల్లార్చి ఈస్ట్ వేస్తారు. ఏల్ అయితే 20 డిగ్రీల దగ్గర కొద్దిరోజుల్లో పులుస్తుంది, రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తుంది. లాగర్ 10 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసి, ఇంకా కొన్ని వారాలు చల్లగా నిలవ ఉండాలి. చిన్న బ్రూవరీలు ఏల్స్‌తో మొదలవడానికి ఇదే అసలు కారణం. లాగర్ ట్యాంకును ఆక్రమించుకుని కూర్చుంటే అద్దె మాత్రం ఆగదు.

హాప్స్ ఒక తీగకు కాసే పూలకంకులు. లండన్‌కు ఒకప్పుడు పక్కనే ఉన్న కెంట్ నుంచి గోల్డింగ్, ఫగిల్ రకాలు వచ్చేవి. తూర్పు లండన్ కూలి కుటుంబాలు సెప్టెంబరులో పిల్లాపాపలతో కెంట్ తోటలకు హాప్స్ కోతకు వెళ్ళేవి, వాళ్ళకు ఏడాదిలో దొరికే సెలవు అదే. ఆ వ్యాపారానికి కట్టిన హాప్ ఎక్స్ఛేంజ్ భవనం 1867 నుంచి సదర్క్ వీధిలో ఉంది. ఇప్పటి ట్యాప్‌రూములు ఎక్కువగా వాడేది సిట్రా, మొజాయిక్ వంటి అమెరికా రకాలు. నారింజ తొక్క, మామిడి, పైన్ చెట్టు జిగురు వాసనలు వాటివే. మబ్బుపట్టినట్టుండే ఐపీఏలు ఎటు చూసినా అవే కావడంతో నాలుగు చోట్ల తిరిగేసరికి తేడా తెలియకుండా పోతుంది. ఇది క్రాఫ్ట్ బీరుకున్న బలహీనత. దానికి విరుగుడుగా నల్లని బీరు మళ్ళీ వస్తోంది. ఆన్‌స్పాక్ అండ్ హాబ్డే కాచే లండన్ బ్లాక్ అనే నైట్రోజన్ పోర్టరు, గిన్నిస్ ఏలే పబ్బుల్లో చోటు సంపాదించుకుంది.

కాస్క్, కెగ్ అని రెండు మాటలు బోర్డు మీద కనిపిస్తాయి. కాస్క్ బీరు పీపాలో ఈస్ట్‌తో సహా బతికే ఉంటుంది. బయటి గ్యాసు కలపరు, చేతిపంపుతో తోడతారు, 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. హైదరాబాదులో మంచులా చల్లబరచిన స్ట్రాంగ్ బీరుకు అలవాటుపడ్డవారికి మొదటి గుక్క చప్పగా, గోరువెచ్చగా తోస్తుంది. రెండో గ్లాసుకు బిస్కట్టు వాసన, మట్టివాసన పట్టుబడతాయి. కెగ్ బీరు వడగట్టినా వడగట్టకున్నా గ్యాసు ఒత్తిడితో, చల్లగా వస్తుంది. ట్యాప్‌రూముల్లో ఎక్కువ అదే.

హైదరాబాదు, బెంగళూరు మైక్రోబ్రూవరీలతో పోలిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ ప్రధానంగా ఉండేది పెద్ద రెస్టారెంటు, అద్దాల వెనక మెరిసే ట్యాంకులు దానికి అలంకారం. లండన్‌లో ప్రధానంగా ఉండేది ఫ్యాక్టరీ, కూర్చునే చోటు దానికి తగిలించినది. తిండి బయట బండి మీద దొరికితే దొరికినట్టు.

కొనుగోళ్ళు, అద్దెలు, మూసివేతలు

విజయానికి బహుమతి పెద్ద కంపెనీలకు అమ్ముడుపోవడం. 1999లో గ్రీనిచ్‌లో అలస్టర్ హుక్ మొదలుపెట్టిన మీన్‌టైమ్‌ను 2015లో సాబ్‌మిల్లర్ కొంది. మరుసటేడు అది అసాహీకి చేరింది. 2024లో గ్రీనిచ్ బ్రూవరీ మూసి, కాచడాన్ని చిజిక్‌కు మార్చారు. కామ్డెన్ టౌన్‌ను 2015 డిసెంబరులో ఏబీ ఇన్‌బెవ్ కొంది, ధర 8.5 కోట్ల పౌన్లని వార్తలొచ్చాయి. బీవర్‌టౌన్‌లో 2018లో హైనెకెన్ వాటా తీసుకుంది, 2022లో మొత్తం కొనేసింది. ఆ వాటా వార్త వచ్చినప్పుడు, బీవర్‌టౌన్ జరపబోతున్న బీరు ఉత్సవం నుంచి చాలా బ్రూవరీలు తప్పుకున్నాయి. ఫోర్‌ప్యూర్‌ను కిరిన్ అనుబంధ సంస్థ లయన్ 2018లో కొని, నాలుగేళ్ళకే వదిలించుకుంది. అమ్ముకున్నవాళ్ళను ద్రోహులనడం బీరు ప్రియుల్లో మామూలే. చిన్న బ్రూవరీలు ఎంత సన్నని లాభం మీద నడుస్తాయో చూస్తే ఆ మాట అంత తేలిగ్గా రాదు.

ఇంకో దెబ్బ కమానుల నుంచే వచ్చింది. రైలుమార్గాల యాజమాన్య సంస్థ నెట్‌వర్క్ రైల్ తన కమానులన్నిటినీ 2019లో టెలిరియల్ ట్రిలియం, బ్లాక్‌స్టోన్ అనే సంస్థల జంటకు 146 కోట్ల పౌన్లకు దీర్ఘకాల లీజు మీద అమ్మేసింది. అద్దె పెంపులపై చిన్న వ్యాపారులు గార్డియన్స్ ఆఫ్ ద ఆర్చెస్ పేరుతో సంఘం కట్టి పోరాడారు. చవకైన చోటు అనే మొదటి కారణమే అలా కరిగింది. ఆపై కోవిడ్ మూసివేతలు, 2022లో కరెంటు, గ్యాసు, మాల్టు ధరల మంట. 2023లో బ్రూ బై నంబర్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళి బ్రియల్ అనే పెట్టుబడి సంస్థ చేతికొచ్చింది. పెక్హామ్‌లో పుట్టిన బ్రిక్ బ్రూవరీ కూడా ఆ సంస్థకే చేరింది. కాచే పనిని ఊరి శివార్లకు తరలించి, కమానులో ట్యాప్‌రూము మాత్రమే ఉంచుకోవడం ఇప్పుడు మామూలైంది. ఆన్‌స్పాక్ అండ్ హాబ్డే కాగులు క్రాయ్‌డన్ వైపు వెళ్ళాయి.

2023 ఆగస్టులో సుంకం లెక్కలు మళ్ళీ మారాయి. ఆల్కహాలు శాతాన్ని బట్టి రేటు, పబ్బులో కుళాయి నుంచి పోసేదానికి 9.2 శాతం తగ్గింపు అప్పుడు వచ్చాయి. తక్కువ శాతం బీరు కాస్తే లాభమన్న మాట. పెద్ద కంపెనీలు తమ పేరున్న బీర్ల శాతాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం వెనక రుచి కంటే ఈ పట్టికే ఉంది.

వెళ్ళేవారికి

చాలా ట్యాప్‌రూములు వారమంతా తెరవవు. గురువారం నుంచి ఆదివారం దాకా మామూలు, కొన్ని శని, ఆదివారాలే. శనివారం పన్నెండు, ఒంటిగంటకు వెళ్తే కాచేవాళ్ళతోనే మాట్లాడే అవకాశం ఉంటుంది. చట్టం ప్రకారం కుళాయి బీరును పింటు, అంటే 568 మిల్లీలీటర్లు, అరపింటు, మూడింట రెండు వంతులు, మూడో వంతు కొలతల్లోనే అమ్మాలి. మూడో వంతు గ్లాసులు నాలుగు తీసుకుంటే పింటున్నర లోపే నాలుగు రకాలు తెలుస్తాయి. బోర్డు మీద శాతం చూడకుండా ఆర్డరు చెప్పకూడదు. ఇంపీరియల్ స్టౌట్ పది శాతం దాటుతుంది, దాన్ని పింటు అడిగితే కౌంటరులోవాళ్ళే వద్దంటారు. పద్దెనిమిదేళ్ళు నిండాలి, పాతికేళ్ళ లోపువాళ్ళలా కనిపిస్తే గుర్తింపుకార్డు అడుగుతారు. చాలాచోట్ల నగదు తీసుకోరు, కార్డు తప్పనిసరి. వరస ముందు తేలికైనవి, తర్వాత చేదువి, చివర నల్లవి అనుకుంటే నాలుక మొద్దుబారదు. డ్రూయిడ్ వీధి వైపు మొదలుపెట్టేవారికి దగ్గరి స్టేషన్లు లండన్ బ్రిడ్జి, బెర్మండ్సీ. అవతలి కొసన సౌత్ బెర్మండ్సీలో రైలెక్కితే ఐదు నిమిషాల్లో లండన్ బ్రిడ్జికి తిరిగి చేరవచ్చు. వాల్తమ్‌స్టో వరసకు విక్టోరియా లైన్లో బ్లాక్‌హార్స్ రోడ్, వాండ్స్‌వర్త్ ఆవరణకు వాండ్స్‌వర్త్ టౌన్ స్టేషను. బ్రూవరీ లోపల తిప్పి చూపే టూర్లకు ముందే టికెట్టు తీసుకోవాలి, కాళ్ళు కప్పే బూట్లు వేసుకోవాలి. లోపల నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.